మా ఇంటి తెర మీద రాయలవారు



ఈసారి దసరా సెలవుల్లో మా ఇంట్లో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. శ్రీకృష్ణదేవరాయలు కనిపించే సినిమాలూ, సీరియళ్ళూ ఏవి దొరికితే అవి, రాత్రికొకటి చొప్పున ఇంట్లోనే కూర్చుని చూడాలని. చూసేవాళ్ళం నలుగురం. నేను, మావారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, డెబ్బై దాటిన మా అత్తగారు. మాది హొసపేట. హంపి ఇక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. అసలు ఈ ఊరే రాయలవారు కట్టించిన నాగలాపురమని చెబుతారు. ఇంట్లో మా మాట తెలుగు, వీధిలో కన్నడం. బడిలో నేను చరిత్ర పాఠం చెప్పేదీ కన్నడంలోనే.

ఈ ఏర్పాటుకు కారణం సరదా ఒక్కటే కాదు. సెలవులకు ముందు విజయనగరం పాఠం చెప్పాను. పాఠం అయ్యాక ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లలు పోట్లాడుకున్నారు. ఒకడిది మాలాగే తెలుగు ఇల్లు. "రాయలు మావాడు, కావ్యం తెలుగులో రాశాడు" అన్నాడు. రెండోవాడు, "ఆయన బిరుదేమిటో చూడు, కన్నడ రాజ్య రమారమణ. మావాడే" అన్నాడు. అంతటితో ఆగలేదు. ఒకడి పుస్తకంలో రాయలవారి బొమ్మ మీద ఇంకొకడు గీతలు గీశాడు. అయిదో తరగతి నుంచి కలిసి తిరిగినవాళ్ళు, బెంచీలు మారిపోయారు. నేను "ఇద్దరివాడూనురా" అని గంట కొట్టే హడావుడిలో ఒక మాట అనేసి వచ్చేశాను. ఆ మాట ఇద్దరికీ నచ్చలేదని వాళ్ళ మొహాలే చెప్పాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబుతుంటే మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "అమ్మా, తిమ్మరుసు కళ్ళు తీయించారని నువ్వు చెప్పావే, అది పుస్తకంలో ఉందా, సినిమాలో ఉందా?" నేను తటపటాయించాను. ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. తీరా ఆలోచిస్తే ఆ కథ నేను మొదట నేర్చుకున్నది సినిమాలోనే.

మొదటి రాత్రి మల్లీశ్వరి పెట్టాం. బి.ఎన్. రెడ్డిగారు వాహినీ వారికి తీసిన చిత్రం, 1951 డిసెంబరులో విడుదలైంది. రామారావుగారు ఇందులో రాయలు కాదు, శిల్పం చెక్కే నాగరాజు. భానుమతిగారు మల్లి. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. మా అత్తగారు చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూశారట. పాట వచ్చినప్పుడల్లా తెర కంటే ముందే ఆవిడ అందుకున్నారు. మా అమ్మాయికి మొదట్లో నలుపు తెలుపు బొమ్మ నచ్చలేదు. వానలో మండపం కింద మల్లి ఆడే ఘట్టం వచ్చేసరికి చేతిలో ఫోను పక్కన పెట్టేసింది. మారువేషంలో ఉన్న రాయలూ, పెద్దనగారూ ఆ ఆట చూస్తారు. వచ్చినవాళ్ళు ఎవరో తెలియని నాగరాజు, మల్లికి రాణివాసపు పల్లకీ పంపించమని రాయలకు చెప్పమంటూ హాస్యానికి అంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. కథంతా ఆ ఒక్క నోరుజారిన మాట వల్ల జరిగిన అనర్థమే.

రేడియో వినే మనకు ముచ్చటైన సంగతి ఒకటుంది. ఈ సినిమాకు ఒక మూలం రేడియో నాటిక. బుచ్చిబాబుగారు రాసిన రాయలవారి కరుణకృత్యం. మరొకటి ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చిన ఒక ఇంగ్లీషు కథ. అంటే ఇళ్ళలోకి సినిమా రాకముందే, వినికిడి రూపంలో ఈ కథ కొన్ని ఇళ్ళకు చేరిందన్నమాట.

ఇంతకూ రాణివాసం అంత కట్టుదిట్టంగా ఉండేదా అని మా అమ్మాయి అడిగింది. ఉండేదనే ఆ కాలంలో ఇక్కడికి వచ్చిన పోర్చుగీసువాళ్ళు రాశారు. డొమింగో పేస్ 1520 ప్రాంతంలో ఈ నగరం చూశాడు. ఫెర్నావో నూనిజ్ గుర్రాల వర్తకుడు, 1535 ప్రాంతంలో రాశాడు. రాబర్ట్ సూయల్ వీరిద్దరి రాతలను ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో తన విజయనగర చరిత్రతో అచ్చు వేయించాడు. అంతఃపురంలోకి పరపురుషులకు ప్రవేశం లేదన్నది పేస్ మాట. ఆ మేరకు సినిమా చెప్పింది సరే. కానీ నూనిజ్ రాసిన ఇంకొక సంగతి ఏ సినిమాలోనూ నాకు కనబడలేదు. ఆ రాజనగరులోని ఆడవాళ్ళలో లోపలి ఖర్చుల లెక్కలు రాసేవాళ్ళు ఉన్నారట. కుస్తీ పట్టేవాళ్ళు, జ్యోతిషం చెప్పేవాళ్ళు కూడా ఉన్నారట. మన దర్శకులకు అంతఃపురం అనగానే నర్తకే గుర్తుకొస్తుంది. లెక్కలు రాసే ఆడమనిషిని కథానాయికగా పెట్టి ఒక్కరైనా సినిమా తీసి ఉంటే నేను టిక్కెట్టు కొని మరీ చూసేదాన్ని.

రెండో రాత్రి మహామంత్రి తిమ్మరుసు. 1962లో వచ్చింది, కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వం. గుమ్మడిగారు తిమ్మరుసు, రామారావుగారు రాయలు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం దీనికే వచ్చింది. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు వెతకవలసింది ఇక్కడే కనుక, సినిమా అయ్యాక సూయల్ పుస్తకం దించి నూనిజ్ భాగం మళ్ళీ చదివాను.

నూనిజ్ చెప్పిన కథ ఇది. కృష్ణరాయల అన్న వీరనరసింహరాయలు మరణశయ్య మీద ఉండి, తన ఎనిమిదేళ్ళ కొడుక్కు రాజ్యం దక్కాలని, తమ్ముడి కళ్ళు తీయించి తెచ్చి చూపమని తిమ్మరుసుకు ఆజ్ఞ ఇచ్చాడు. తిమ్మరుసు ఆ పని చేయలేదు. కృష్ణరాయలను దాచిపెట్టి, మేక కళ్ళు తెచ్చి చూపించాడు. అలా బతికి బయటపడిన కృష్ణరాయలు 1509లో గద్దె ఎక్కాడు. తరువాత చాలా ఏళ్ళకు ఆయన ఆరేళ్ళ కొడుకును సింహాసనం మీద కూర్చోబెట్టి, తాను మంత్రిగా ఉండి పరిపాలన సాగించాడు. ఉత్సవాలు ఎనిమిది నెలలు జరిగాయి. అంతలో ఆ పిల్లవాడు జబ్బుచేసి పోయాడు. విషం పెట్టారని, పెట్టింది తిమ్మరుసు కొడుకని రాయలకు ఎవరో చెప్పారు. తిమ్మరుసును కుటుంబంతో సహా చెరలో పెట్టించాడు, చివరకు కళ్ళు తీయించాడు. బ్రాహ్మణుణ్ణి చంపకూడదు కనుక ఆ శిక్ష వేశారని నూనిజ్ వివరణ.

చదివి ఇంట్లో వినిపించాను. తన కళ్ళు కాపాడినవాడి కళ్ళే తీయించాడా అని మా అత్తగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇంత కథ ఉండగా సినిమావాళ్ళు కొత్తగా కల్పించేదేముందమ్మాయీ" అన్నారు.

అయితే ఇందులో నేను పాఠంలో చెప్పవలసింది, చెప్పనిది ఒకటుంది. రాకుమారుడు తిరుమలరాయల పేరు 1524 ప్రాంతపు శాసనాల్లో కనిపిస్తుంది. ఆ పిల్లవాడు ఉన్నమాట రూఢి. విషం సంగతి, కళ్ళ సంగతి మనకు ముఖ్యంగా నూనిజ్ రాతలోనే దొరుకుతాయి. అతను ఆ సంఘటన జరిగిన పదేళ్ళకు, నగరంలో వాళ్ళూ వీళ్ళూ చెప్పుకుంటున్నది విని రాసినవాడు. శాసనం రాజు మాట, దానికి తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. వర్తకుడిది బజారు మాట, అందులో నిజమూ ఉంటుంది, కోపమూ ఉంటుంది. సినిమా ఈ రెండింటి మధ్య నుంచి నడిచి, రాయలను పశ్చాత్తాపంతో మన కళ్ళ ముందు నిలబెట్టింది. నేను ఆ పశ్చాత్తాపాన్ని కూడా చరిత్రే అనుకుని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పాను. ఏ పోర్చుగీసు పుస్తకంలోనూ అది లేదు.

మూడో రాత్రి కన్నడ చిత్రం శ్రీకృష్ణదేవరాయ. 1970లో బి.ఆర్. పంతులుగారు తీశారు. రాజ్‌కుమార్ రాయలు, పంతులుగారే తిమ్మరుసు. మా ఇంట్లో ఈ సినిమాకు భాష అడ్డం కాలేదు. మా అత్తగారు ఒక్క నిమిషంలో తెలుగు రాయలను వదిలి కన్నడ రాయల దగ్గరికి చేరిపోయారు. "రామారావు అయితే దేవుడు దిగివచ్చినట్టు ఉంటాడు, ఈయన మన వీధిలో పెద్దమనిషిలా ఉన్నాడు" అన్నారు. నాకు తోచింది మాత్రం వేరు. తెలుగు చిత్రాల్లో రాయలు ఎక్కువగా కవుల మధ్య కూర్చుంటాడు. ఈ చిత్రంలో ఆయన కన్నడనాటికి సార్వభౌముడు. రెండింటిలోనూ తిమ్మరుసు ఒక్కడే, అప్పాజీ ఒక్కడే. రాయలే మారుతున్నాడు.

ఎందుకు మారుతున్నాడో తెలియాలంటే సినిమాల తేదీల పక్కన మా జిల్లా చరిత్ర పెట్టి చూడాలి. మల్లీశ్వరి వచ్చిన 1951లో హంపి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. సినిమా తీసిన వాహినీ స్టూడియో, రాయలు కొలిచిన తిరుమల, ఆయన రాజధాని అన్నీ ఒక్క రాష్ట్రమే. అందుకే కాబోలు, ఆ సినిమాకు రాయలు ఎవరివాడన్న దిగులు లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. మిగిలినవి, హొసపేటతో సహా, మైసూరు రాష్ట్రంలో చేరాయి. బళ్ళారి తాలూకా ఎటు పోవాలన్నదాని మీద పెద్ద గొడవే జరిగింది, విచారణకు జస్టిస్ మిశ్రాగారిని వేయవలసి వచ్చింది. కలిసి నాటకాలు ఆడినవాళ్ళు అప్పుడు వేరువేరు సభలు పెట్టారని మా అత్తగారి నాన్నగారు చెప్పేవారట. నాటకాలంటే ఇక్కడివాళ్ళకు మామూలు సంగతి కాదు. కోలాచలం శ్రీనివాసరావుగారు విజయనగర పతనం మీద రామరాజు చరిత్ర రాసిందీ, అందులో పఠాన్ రుస్తుం వేషంతో బళ్ళారి రాఘవగారు పేరు తెచ్చుకున్నదీ ఈ జిల్లా నుంచే. రాఘవగారు తెలుగులోనూ ఆడారు, కన్నడంలోనూ ఆడారు. ఆ తరువాత వచ్చిన 1962 సినిమా, 1970 సినిమా రెండూ గీత గీసిన తరువాతి సినిమాలు. మా తరగతిలో ఇద్దరు పిల్లల మధ్య వచ్చిన తగవుకు డెబ్బై ఏళ్ళ వయసుంది.

తెనాలి రామకృష్ణుడి సంగతి త్వరగా చెప్పేస్తాను. 1956లో బి.ఎస్. రంగాగారు తెలుగులోనూ, తమిళంలోనూ తీశారు. రాయలు రెండింటిలోనూ రామారావుగారే. రామకృష్ణుడు మాత్రం తెలుగులో నాగేశ్వరరావుగారు, తమిళంలో శివాజీ గణేశన్. అదే రంగాగారు 1982లో కన్నడంలో హాస్యరత్న రామకృష్ణ తీశారు, అందులో అనంతనాగ్ రామకృష్ణుడు. మళ్ళీ 1990లో దూరదర్శన్‌లో టి.ఎస్. నాగాభరణ గారి తెనాలి రామా సీరియల్ హిందీలో వచ్చింది. అందులో అదే అనంతనాగ్ రాయలు, విజయ్ కశ్యప్ రామకృష్ణుడు. అప్పుడు నాకు పదేళ్ళు. మా వీధిలో టీవీ ఉన్న ఇంట్లో కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. ఇప్పుడు మళ్ళీ చూస్తే ఎంత నిదానంగా నడుస్తుందో అనిపించింది, అయినా చివరిదాకా చూశాం. ఈమధ్య వచ్చిన పెద్ద హిందీ సీరియల్ మాత్రం నాలుగు భాగాలు చూసి ఆపేశాం. అందులో అందరూ గట్టిగా అరుస్తారు.

రామకృష్ణ కవి రాయల ఆస్థానంలో ఉన్నాడా అన్నది పండితుల మధ్య తేలని విషయం. ఆయన ఉద్భటారాధ్య చరిత్ర కొండవీటి పాలకుడు నాదెండ్ల గోపన మంత్రి అయిన ఊరదేచయకు అంకితం. పాండురంగ మాహాత్మ్యం విరూరి వేదాద్రికి అంకితం. రాయలకు అంకితమిచ్చిన కావ్యం ఒక్కటీ లేదు. రాయల తరువాతివాడని చాలామంది అభిప్రాయం. ఈ మాట చెప్పగానే మా అమ్మాయి నన్ను శత్రువును చూసినట్టు చూసింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూసిన రోజుల్లో ఎవరైనా ఈ మాట చెబితే నేనూ అలాగే చూసేదాన్ని.

చివరి రాత్రి ఆదిత్య 369. సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీసింది, 2025లో కొత్త ప్రింటుతో థియేటర్లకు కూడా మళ్ళీ వచ్చింది. కాలయంత్రం ఎక్కి 1526లోని విజయనగరానికి వెళతారు. బాలకృష్ణగారే నేటి యువకుడు, ఆయనే రాయలు. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు. మా అమ్మాయికి అన్నిటికన్నా ఇదే నచ్చింది. కారణం అడిగితే, "ఇందులో వాళ్ళు కూడా మనలాగే చూడ్డానికి వెళ్ళారు కదా" అంది. ఆ మాట నిజమే. మిగతా సినిమాలు ఇదే చరిత్ర అని మనల్ని నమ్మించాలని చూస్తాయి, ఇది మాత్రం మేం చూసి వచ్చాం అంటుంది.

మరి అసలు రాయలు ఎలా ఉండేవాడు? పేస్ కళ్ళారా చూసి రాశాడు. మధ్యరకం ఎత్తు, తెల్లని ఛాయ, సన్నమనిషి కాదు, కాస్త బొద్దు, మొహం మీద స్ఫోటకం మచ్చలు. తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించి, బరువులు ఎత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రం ఎక్కేవాడు. తిరుమలలో ఆయన విగ్రహం ఇద్దరు దేవేరులతో ఈనాటికీ చేతులు జోడించి నిలబడి ఉంది, నెత్తిన పొడుగాటి కుళ్ళాయి. ఆ స్ఫోటకం మచ్చలు ఏ నటుడి మొహం మీదా నేను చూడలేదు. మచ్చలున్న రాజు తరగతిలో పిల్లలకు ఎంత దగ్గరగా వస్తాడో సెలవుల తరువాత చూశాను. మశూచి టీకా లేని రోజులవి అని చెప్పగానే, ముందు బెంచీ వాళ్ళు తమ చేతుల మీద టీకా మచ్చలు వెతుక్కున్నారు.

ఇక ఎవరివాడన్న ప్రశ్న. ఆముక్తమాల్యద అవతారికలో రాయలే దానికి జవాబు చెప్పుకున్నాడు. కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడు. తెలుగే ఎందుకో కూడా చెప్పాడు. అందరూ తెలుగు గొప్పతనం గురించిన ఆ పద్యం ఒక్కటే అప్పజెబుతారు. దాని దగ్గరే ఇంకో పద్యం ఉంది. అందులో ఆ దేవుడు తనను తాను తెలుగురాయడనని చెప్పుకుంటూ, ఎదురుగా ఉన్న రాజును కన్నడరాయా అని పిలుస్తాడు. తెలుగురాయడు అడిగితే కన్నడరాయడు రాశాడు. రాసింది కన్నడరాయడే కాబట్టి, ఆ పిలుపు రాయల మీద ఎవరో అంటించింది కాదు. ఆయనే కన్నడంలో తిమ్మణ్ణ కవి చేత మిగిలిపోయిన భారతాన్ని పూర్తి చేయించాడు. ఆయన శాసనాలు కొండవీటిలో, సింహాచలంలో తెలుగు, తిరుమలలో తమిళం, హంపిలో కన్నడం. ఎక్కడి రాయి మీద అక్కడివాళ్ళు చదివే మాటే చెక్కించాడు.

ఆ రెండు పద్యాలూ సెలవుల తరువాత తరగతిలో కన్నడంలో అర్థం చెప్పాను. తెలుగు పిల్లవాడికి ఒక పద్యం తెలుసు, రెండోది వాళ్ళింట్లో ఎవరూ చెప్పలేదు. కన్నడ పిల్లవాడికి బిరుదు తెలుసు, దేవుడు ఆ పేరుతో పిలిచింది తెలుగు పద్యంలోనని తెలియదు. ఇద్దరూ ఏమీ అనలేదు. నేనూ ఈసారి "ఇద్దరివాడూ" అనలేదు.

ఆ తరువాతి శనివారం తరగతినంతా హంపికి తీసుకువెళ్ళాం. విరూపాక్షాలయంలో పట్టాభిషేక సమయంలో రాయలు వేయించిన శాసనం ఉంది. రంగమండపం, గోపురం కట్టించిన సంగతి అందులో సంస్కృతంలోనూ, కన్నడంలోనూ చెక్కి ఉంటుంది. పిల్లలకు ఆ పాత అక్షరాలు కొరుకుడు పడలేదు. కన్నడ పిల్లవాడు రెండు మూడు అక్షరాలు పట్టుకున్నాడు. తెలుగు పిల్లవాడు, ఇంట్లో వాళ్ళ తాతయ్య దగ్గర నేర్చుకున్న తెలుగు అక్షరాలతో ఇంకో రెండు పట్టుకున్నాడు. ఆ కాలానికి రెండు లిపులూ దాదాపు ఒక్కటేనని నేను చెప్పేలోపే, అక్షరం నాది నీది అని మళ్ళీ వాదన మొదలైంది. ఈసారి ఒకే రాయి మీద వంగి, భుజాలు తగిలించుకుని వాదించుకున్నారు.

అప్పుడు వెనక నుంచి ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. వాళ్ళ నాన్నగారు బ్యాంకు ఉద్యోగి, ఉడుపి వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. "టీచర్, మీరు బోర్డు మీద తుళువ వంశం అని రాశారు కదా. మేం ఇంట్లో మాట్లాడేది తుళు" అంది.